మింట్ ఎర్రర్ ఉన్న నాణేలు దాచుకుంటే ముందుముందు విలువ వస్తుందా?

మీ ప్రశ్న చదివాను. బ్రాడీపేటలో మీ ఇంట్లో పాప కిడ్డీ బ్యాంకు తెరిస్తే ముద్ర పక్కకు జరిగిన 5 రూపాయల నాణెం ఒకటి దొరికింది. దాని విలువ తెలుసుకుందామని వెళ్తే, పాత నాణేలు అమ్మే ఆయన పాతిక ఎర్రర్ నాణేల (టంకశాలలో తయారయ్యేటప్పుడే తప్పు జరిగినవి) లాట్ ఇరవై వేలకు ఇస్తానన్నాడు. పాప కాలేజీకి వచ్చేసరికి అవే లక్షలు అవుతాయన్నాడు. కొనాలా వద్దా అని అడిగారు. అందరూ ఫోన్‌లోనే డబ్బులు కడుతుంటే నాణేల వాడకం తగ్గిపోతోందని కూడా అన్నారు.

లాట్ కొనకండి. మీకు దొరికిన నాణేన్ని మాత్రం ఖర్చు పెట్టకుండా పక్కన పెట్టండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

నేను ఆర్టీసీ కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గుంటూరు–విజయవాడ రూటే. ఫోన్‌లో డబ్బులు కట్టడం రాని రోజుల్లో, బస్సు మంగళగిరి దాటేసరికే బ్యాగు చిల్లరతో బరువెక్కేది. డిపోలో క్యాష్ కట్టే ముందు లెక్కపెడుతుంటే తేడాగా ఉన్న నాణెం వేలికి తెలిసిపోతుంది. దాన్ని తీసుకుని నా జేబులోంచి అదే విలువ నాణెం వేసేవాణ్ణి. అలా మొదలైన ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. తర్వాత కొన్ని కొన్నాను, కొన్ని అమ్మాను, ఇతర సేకరణదారులతో మార్చుకున్నాను.

ఇన్నేళ్ళలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. ఎర్రర్ నాణేనికి విలువ ఇచ్చేది తప్పు ఉండటం కాదు. ఆ తప్పు చేతిలోకి తీసుకోగానే కంటికి కనిపించాలి, టంకశాల బయట ఎవరూ దాన్ని తయారు చేయలేరని నిరూపించగలగాలి, అలాంటివి కుప్పలుగా బయటికి వచ్చి ఉండకూడదు. మూడూ ఉన్న నాణేనికి పదేళ్ళ తర్వాత కూడా కొనేవాడు దొరుకుతాడు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు మనం చెప్పిన ధర కాదు, ఎదుటివాడు చెప్పిన ధరే.

మన దగ్గర అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ డై రొటేషన్ నాణేలే. మన నాణేన్ని ఒక వైపు నిటారుగా పట్టుకుని పక్కకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే రావాలి. కింది అచ్చు కానీ పై అచ్చు కానీ వదులై తిరిగిపోతే రెండో వైపు వంకరగా, ఒక్కోసారి పూర్తిగా తలకిందులుగా వస్తుంది. చూడటానికి వింతగానే ఉంటుంది. కానీ అచ్చు ఒకసారి తిరిగాక, దాన్ని సరిచేసేదాకా మిషన్ అలాగే గుద్దుతూ పోతుంది. నిమిషానికి వందల నాణేలు. 1990ల నుంచి వచ్చిన 1, 2 రూపాయల నాణేల్లో ఇవి నాకు బ్యాగులో ఎన్నో దొరికాయి. పూర్తిగా తలకిందులైన వాటిని ఇష్టంగా దాచుకోవచ్చు, నేనూ దాచాను. వందో రెండొందలో పెట్టి కొనే కుర్రాళ్ళు ఉంటారు. పాప కాలేజీ ఫీజుకు మాత్రం అది ఆధారం కాదు. అక్షరాలు సగం పడనివీ అంతే. అచ్చు గుంటల్లో గ్రీజు చేరితే అక్కడ ముద్ర పడదు. అరిగిపోయిన నాణెం కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది కాబట్టి కొనేవాడు నమ్మడు. ఆయన మీకు చూపించిన లాట్‌లో ఈ రెండు రకాలే ఎక్కువ ఉండి ఉంటాయని నా అనుమానం. ఫోటోలు పెడితే చెప్పగలను.

ఇక విలువ నిలబడేవాటి సంగతి. దీనికి నాణెం ఎలా తయారవుతుందో కాస్త తెలియాలి. పొడవాటి లోహపు పట్టీ నుంచి బిళ్ళలు కత్తిరిస్తారు. వాటి అంచును నొక్కి కొంచెం లేపుతారు. తర్వాత చుట్టూ కాలర్ అనే వలయం ఉన్న చోట బిళ్ళను పెట్టి, పైనా కిందా అచ్చులతో ఒకేసారి గుద్దుతారు. ప్రతి అసలైన ఎర్రర్ ఈ దారిలో ఎక్కడో ఒక చోట పుట్టి తీరాలి. ఎక్కడ పుట్టిందో చెప్పలేని ఎర్రర్‌ను నేను ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

పట్టీ సరిగ్గా ముందుకు జరగకపోతే, కత్తిరించే పంచ్ అంతకు ముందు పడిన రంధ్రం మీదే కొంత పడుతుంది. అప్పుడు బిళ్ళకు ఒక పక్క నెలవంక ఆకారంలో కోత వస్తుంది. దీన్ని సేకరణదారులు క్లిప్ అంటారు. ఇంట్లో ఆకురాయితో కూడా ఇలాంటి కోత పెట్టొచ్చు, అందుకే కోత ఒక్కటే చూడకూడదు. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. కోత ఉన్న బిళ్ళ అంచును నొక్కేటప్పుడు ఎదుటి వైపు కూడా సరిగ్గా ఒత్తిడి పడదు, అక్కడి అంచు పలచగా, అరిగినట్టు ఉంటుంది. అరగదీసిన నకిలీలో ఆ ఎదుటి అంచు నిండుగా ఉంటుంది. నేను ఒక్క చూపులో వదిలేసిన క్లిప్ నాణేలన్నీ ఈ పరీక్షలో పోయినవే.

లఖి నాణెం అంటే సేకరణదారులందరికీ మోజు. గుద్దిన నాణెం ఒకటి కింద పడకుండా అచ్చుకే అంటుకుపోతుంది. తర్వాతి బిళ్ళ వచ్చి దానికి తగులుతుంది. ఆ బిళ్ళకు ఒక వైపు మామూలు ముద్ర, రెండో వైపు అదే ముద్ర అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. మూడు సింహాలూ లోతుగా గుంటలో కనిపిస్తుంటే చూడటానికి నిజంగా అద్భుతంగా ఉంటుంది! దీనికీ నకిలీలు ఉన్నాయి. రెండు నాణేలను వైస్ అనే బిగింపు పనిముట్టులో పెట్టి బిగిస్తే ఒకదాని ముద్ర ఇంకోదానిలోకి దిగుతుంది. అయితే అలా చేసినదానిలో పాత ముద్ర ఆనవాళ్ళు అడుగున మిగులుతాయి, వెనక వైపు కూడా చదునై పాడవుతుంది. అసలైనదానిలో వెనక వైపు పదునుగా ఉంటుంది.

10 రూపాయల నాణెం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మోసాలు ఇక్కడే ఎక్కువ. లోపలి బిళ్ళా బయటి వలయమూ విడివిడిగా పెట్టి, ఒకే దెబ్బతో ముద్ర కొడతారు. ఆ దెబ్బకే రెండూ అతుక్కుంటాయి. కాబట్టి లోపలి బిళ్ళ పక్కకు జరిగి వలయం మీదికి ఎక్కిన నాణెం టంకశాలలోనే పుట్టగలదు. అప్పుడు ముద్ర రెండు లోహాల మీదుగా తెగకుండా సాగుతుంది. లోపలి బిళ్ళ మాత్రమే గుండ్రంగా తిరిగిపోయిన నాణెం ఎవరైనా చూపిస్తే, అది బయట కొట్టి ఊడదీసి మళ్ళీ బిగించింది. టంకశాలలో అలా జరగడానికి వీలే లేదు. పైగా మన ప్రాంతంలో చాలా షాపుల్లో 10 రూపాయల నాణెం చెల్లదని తీసుకోరు. అప్పటికి వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లో స్పష్టంగా చెప్పినా ఆ మాట ఇంకా ఆగలేదు. దానివల్ల డబ్బాల్లో, పూజగదుల్లో బోలెడు నాణేలు కదలకుండా ఉండిపోయాయి. అందులో మంచి ఎర్రర్లు కూడా మెరుపు పోకుండా ఉంటాయని నా నమ్మకం. మీ ఇంట్లోవీ, బంధువుల ఇళ్ళలోవీ చూడండి. దానికి ముఖ విలువ తప్ప ఖర్చు లేదు.

వేరే విలువ బిళ్ళ మీద ముద్ర పడినవి ఇంకా అరుదు. వీటిని పట్టుకోవడానికి బంగారం షాపువాళ్ళు వాడే లాంటి చిన్న డిజిటల్ త్రాసు చాలు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన నాణేల్లో 1 రూపాయి 3.79 గ్రాములు, 2 రూపాయలు 4.85 గ్రాములు ఉండాలి. 2 రూపాయల ముద్ర ఉండి 3.79 దగ్గర తూగి, అక్షరాలు అంచు దాటి తెగిపోయి ఉంటే గట్టిగా దాచండి. 2004 వరకు వచ్చిన పెద్ద స్టీలు రూపాయి కూడా 4.85 గ్రాములే. దానికీ ఇప్పటి రూపాయికీ బరువు తేడా ఉందని ఎర్రర్ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది డిజైన్ మారడమే, ఎర్రర్ కాదు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన మాట, ముందుముందు ఏమవుతుంది అన్నది. అమెరికాలో జరిగినవి రెండు చూడండి. 2007లో వాషింగ్టన్ బొమ్మతో వచ్చిన డాలరు నాణేల్లో అంచు మీద ఉండాల్సిన అక్షరాలు లేకుండా కొన్ని బయటికి వచ్చేశాయి. మొదటి వారాల్లో జనం వందల డాలర్లు పెట్టి కొన్నారు. తర్వాత చూస్తే అవి పదుల వేల సంఖ్యలో ఉన్నాయని తేలింది, ధర పదుల డాలర్లకు దిగింది. 2000లో ఇంకో తప్పు జరిగింది. ఒక డాలరు నాణేనికి ఒక వైపు పావు డాలరు అచ్చు పడింది. అవి ప్రపంచం మొత్తం మీద రెండు డజన్ల లోపే తెలుసు. వేలాల్లో కొన్ని లక్ష డాలర్లు దాటాయి. రెండూ కొత్త నాణేలే, రెండూ టంకశాల తప్పులే. ధర ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించింది ఎన్ని బయటపడ్డాయన్నదే. అందుకే కొత్త ఎర్రర్ వార్తల్లోకి రాగానే కొనకూడదు. రెండు మూడేళ్ళు ఆగితే ఎన్ని ఉన్నాయో దాని అంతట అదే తెలుస్తుంది.

మన దేశంలో ఇంకో సంగతి కూడా ఉంది. 9 గ్రాముల పాత రాగి నికెల్ 5 రూపాయల నాణేలు చాలావరకు కనిపించకుండా పోయాయి. వాటిని కరిగించి బ్లేళ్ళు చేయడానికి సరిహద్దు దాటించారని అప్పట్లో పత్రికల్లో చాలా రాశారు. అవి ఎన్ని తగ్గితే వాటిలోని మంచి ఎర్రర్లు కూడా అంత తగ్గుతాయి. నేను డబ్బు పెట్టాల్సి వస్తే నిన్నటి నాణేల కన్నా వీటి మీదే పెడతాను. క్లిప్ కానీ ఆఫ్ సెంటర్ (ముద్ర పక్కకు పడి కొంత భాగం ఖాళీగా మిగిలినది) కానీ, పదునుగా ఉన్నది ఒక్కటి చాలు.

ఫోన్‌లో డబ్బులు కట్టే అలవాటు గురించి మీరు అన్నది నిజమే. బీసెంట్ రోడ్డులో జామకాయల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంది. నాణేలు చేతులు మారడం తగ్గితే కొత్త ఎర్రర్లు దొరకడమూ తగ్గుతుంది, అది ధరకు మంచిదే. కానీ చిల్లర ముట్టుకోకుండా పెరిగిన పిల్లలకు నాణేల మీద ఇష్టం ఎలా పుడుతుంది? కొనేవాళ్ళు లేకపోతే అరుదైనదైనా డబ్బాలోనే ఉండిపోతుంది. నా అంచనా ఏమిటంటే, పెద్ద ఎర్రర్లు నెమ్మదిగా పెరుగుతాయి, చిన్నవి ఇక్కడే ఆగిపోతాయి. ఆ నెమ్మది ఎంతంటే, బ్యాంకు డిపాజిట్‌తో పోల్చుకునే ఉద్దేశం ఉంటే ఇందులోకి రాకండి. ఇష్టం ఉంటే రండి, మిమ్మల్నీ పాపనూ ఇద్దర్నీ రమ్మంటాను. వీలైతే హైదరాబాద్ సైఫాబాద్‌లో పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియానికి తీసుకెళ్ళండి. మిషన్లు చూశాక ఎర్రర్ ఎలా పుడుతుందో పిల్లలకు మనకన్నా తొందరగా అర్థమవుతుంది.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల నాణేలకు లక్షలిస్తామని వీడియోలు వస్తుంటాయి. అవి 2012లో వచ్చిన స్మారక నాణేలు. వాటిలో ఎర్రర్ లేదు, లక్షలూ లేవు. అమ్మిపెడతామంటూ ముందుగా కమీషన్, టాక్స్ అని డబ్బు అడిగేవాళ్ళకు ఒక్క రూపాయి కూడా పంపకండి. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నిజమైన ధర కావాలంటే ముంబయి, బెంగళూరుల్లో నాణేల వేలం వేసే సంస్థల పాత ఫలితాలు చూడండి. అమ్మేవాడు అడిగిన ధర వేరు, ఎవరో నిజంగా డబ్బు కట్టి కొన్న ధర వేరు.

నాణేలను చింతపండుతో మాత్రం తోమకండి. ఇత్తడి సామాను తోమే అలవాటుతో ఇంట్లో పెద్దవాళ్ళు మంచి మనసుతోనే ఈ పని చేస్తారు, పసుపు రంగు 5 రూపాయలు మిలమిలలాడుతుంది, దానితో దాని సగం విలువ పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లు కూడా వద్దు, కొన్నాళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. అట్ట ఫ్రేముకు మధ్యలో మైలార్ అనే పలచటి ప్లాస్టిక్ పొర ఉన్న హోల్డర్లు తక్కువ ధరకే దొరుకుతాయి. కృష్ణా పక్కన మనకు వానాకాలం తేమ ఎక్కువ కాబట్టి డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం పడేయండి.

మీ 5 రూపాయల నాణేనికి వస్తే, ముందు అంచు చూడండి. అంచు మామూలుగా, తీరుగా గుండ్రంగా ఉండి లోపల ముద్ర మాత్రం వెంట్రుకవాసి పక్కకు ఉంటే అది పై అచ్చు కొంచెం జరగడం. దానికి పెద్దగా ధర లేదు. ముద్రలో కొంత భాగం అసలు పడకుండా, ఒక పక్క నున్నటి ఖాళీ ఉండి, నాణెం ఆకారం కూడా కొంచెం సాగినట్టు ఉంటే అది నిజమైన ఆఫ్ సెంటర్, అంటే బిళ్ళ కాలర్‌లో కూర్చోకుండానే దెబ్బ పడింది. ఖాళీ ఎంత పెద్దదైతే అంత మంచిది. సంవత్సరం కూడా కనిపిస్తుంటే ఇంకా మంచిది. తర్వాత బరువు తూచండి. 2007 తర్వాతి స్టీలుదైనా, ఇత్తడి రంగుదైనా 6 గ్రాములు, 2019 డిజైన్ అయితే 6.74 రావాలి. రెండు వైపులా, అంచు కూడా కనిపించేలా పగటి వెలుతురులో ఫోటోలు తీసి, బరువుతో పాటు ఇక్కడే పెట్టండి. ఎక్కడ పుట్టిన ఎర్రరో చూసి చెప్తాను.