డాక్టర్ సలహా: నీటి అడుగున జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లతో కడగొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా స్కూబా డైవింగ్ చేస్తున్నాను. నెల కిందట 14 మీటర్ల లోతు నుంచి లంగరు తాడు పట్టుకుని పైకి వస్తుంటే ఎడమ మణికట్టు మీద వాత పెట్టినట్టు భగ్గుమంది. గబగబా పైకి వచ్చేశాను. పడవలో తోటివాళ్లు తాగే నీళ్లతో కడిగి, తువ్వాలుతో గట్టిగా తుడిచారు. మంట ఇంకా పెరిగింది. రెండ్రోజుల్లో తగ్గింది గానీ, పదో రోజుకు అదే చోట ఎర్రటి చారలు లేచి దురద మొదలైంది. ఇప్పటికీ కొద్దిగా ఉంది. వచ్చే నెల మళ్లీ డైవింగ్‌కు వెళ్లాలి. నన్ను కుట్టిందేమిటి? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక పాఠకుడు

జవాబు: మీ మణికట్టు సంగతి తర్వాత చూద్దాం. ‘గబగబా పైకి వచ్చేశాను’ అని ఒక్క ముక్కలో తేల్చేశారే, ముందు దాని గురించి మాట్లాడాలి. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి ఉపరితలానికి వచ్చేసరికి రెట్టింపవుతుంది. మీరున్న 14 మీటర్ల నుంచైతే దాదాపు రెండున్నర రెట్లు. నొప్పి పుడితే మనిషి అసంకల్పితంగా ఊపిరి బిగబడతాడు. ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకితే ఊపిరితిత్తులు చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడు దాకా పోవచ్చు. మణికట్టు మీద మంట రెండ్రోజుల్లో పోయింది. ఇది అలా పోయేది కాదు.

కాబట్టి ఏది కుట్టినా మొదట చేయాల్సింది గాలి వదలడం. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లోనే ఉంచుకుని, బుడగలు బయటికి పోతున్నాయో లేదో చూసుకుంటూ నాలుగైదు సార్లు నిదానంగా శ్వాస తీసుకోండి. మీతో జోడీగా దిగిన డైవర్‌కు సైగ చేయండి. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రండి. మామూలు మంటే అయితే, ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోయేందుకు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మానొద్దు. ఊపిరి అందకపోయినా, కండరాలు పట్టు తప్పుతున్నా, ఒళ్లంతా దద్దుర్లు లేస్తున్నా మాత్రం ఆ ఆగడాన్ని వదిలేసి, అదే నిదానమైన వేగంతో నేరుగా పైకి రావాలి.

ఇక మిమ్మల్ని కుట్టిందేమిటి? చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, లంగరు తాడు అన్నారు కనుక రెండిటి మీద అనుమానం. ఒకటి, ప్రవాహంలో కొట్టుకొచ్చి తాడుకు చుట్టుకున్న జెల్లీఫిష్ పోగులు. రెండు, తాళ్ల మీద ఈకల్లా, నాచులా పెరిగే హైడ్రాయిడ్లు. ఇవి చూడటానికి మొక్కల్లా ఉంటాయి గానీ జంతువులే, జెల్లీఫిష్‌కు దగ్గరి చుట్టాలు. పగడంలా కనిపిస్తూ వాత పెట్టే ఫైర్ కోరల్‌దీ ఆ వంశమే.

వీటన్నిటి ఆయుధం ఒకటే. పోగు పొడవునా కంటికి కనబడనంత చిన్న సంచులు, ఒక్కోదాంట్లో చుట్టచుట్టిన విషపు దారం. చర్మం తగలగానే దారం సూదిలా దూసుకొచ్చి గుచ్చుకుంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, తగిలిన వెంటనే అన్ని సంచులూ పేలవు. పేలనివి చాలా చర్మానికి అంటుకునే ఉంటాయి. మంచినీళ్లు పోస్తే ఉప్పు తేడా వల్ల కొన్ని పేలుతాయి, తువ్వాలుతో రుద్దితే నొక్కుడుకి మరికొన్ని. మీవాళ్లు మంచి మనసుతోనే ఆ రెండూ చేశారు! మూత్రం పోయడం, స్పిరిట్ రాయడం, ఇసుకతో రుద్దడం, ప్లాస్టిక్ కార్డుతో గీకడం కూడా ఈ కోవలోవే.

చేయాల్సిందల్లా ఇది. సముద్రపు నీళ్లే ధారగా పోసి కడగాలి. కనిపించే పోగుల్ని పట్టకారుతో, గీకకుండా, పైకెత్తి తీయాలి. తీసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. తెగిపడిన పోగు కూడా కుడుతుంది, సూట్ మీద ఎండిపోయింది కూడా తడి తగిలితే కుట్టొచ్చు. అందుకే సూట్ విప్పేటప్పుడు రెండోసారి కుట్టించుకునేవాళ్లున్నారు. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, కనీసం 20 నిమిషాలు ఉంచితే చాలామందికి నొప్పి దిగుతుంది.

వెనిగర్ విషయంలో మాత్రం గుడ్డిగా పోకూడదు. ప్రాణాంతకమైన బాక్స్ జెల్లీఫిష్ కుడితే 30 సెకన్లకు తగ్గకుండా వెనిగర్ పోయాలి. అది పేలని సంచుల్ని పనిచేయకుండా చేస్తుంది, అప్పటికే ఎక్కిన విషాన్ని మాత్రం ఏమీ చేయలేదు. నీలిరంగు బెలూన్‌లా తేలే బ్లూబాటిల్‌కు వెనిగర్ వద్దని ఆస్ట్రేలియా ప్రథమ చికిత్స సూచనలు చెబుతాయి. కనుక దిగబోయే నీళ్లలో ఏ రకం తిరుగుతుందో ముందే అడిగి తెలుసుకోండి. బాక్స్ జెల్లీఫిష్ ఉండే ఉష్ణమండల జలాలైతే అనుమానం వచ్చినా వెనిగర్ వాడటమే మేలు.

బాక్స్ జెల్లీఫిష్‌లలోనే ఇరుకాంజీ అనే వేలి గోరంత జెల్లీఫిష్ ఉంది. కుట్టినప్పుడు చీమ కుట్టినంతే. అరగంటకు నడుము నొప్పి, చెమటలు, వాంతులు, గుండెదడ, ‘చచ్చిపోతున్నాను’ అన్న భయం. 1961లో ఆస్ట్రేలియా డాక్టర్ జాక్ బార్న్స్ ఈ లక్షణాలకు కారణం అదేనని రుజువు చేయడానికి తనకూ, తొమ్మిదేళ్ల కొడుక్కీ, ఒక లైఫ్‌గార్డుకూ కావాలనే కుట్టించి చూశారు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు. డాక్టర్ల మాట వినమంటాను గానీ, ఇలాంటి ప్రయోగాలు మాత్రం వద్దు.

పదో రోజు లేచిన దురద మిమ్మల్ని కలవరపెట్టినట్టుంది. చర్మంలో మిగిలిన విషానికి శరీరం ఆలస్యంగా ఇచ్చే అలర్జీ స్పందన అది. హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీమ్ రోజుకు రెండుసార్లు పల్చగా వారం రోజులు రాయండి. రాత్రి దురదకు సిట్రిజిన్ చాలు. అది మగత తెస్తుంది, కాబట్టి వేసుకున్నప్పుడు డైవ్ చేయొద్దు. చీము, పుండు, జ్వరం ఉంటే, గట్టి గడ్డలు లేస్తే, వారంలో తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించండి.

ముళ్లతో పొడిచే వాటి లెక్క వేరు. లయన్‌ఫిష్, స్టోన్‌ఫిష్, టేకు చేప విషాలు వేడికి విరిగిపోయే ప్రొటీన్లు. గాయాన్ని 45 డిగ్రీలు మించని నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ముంచాలి. పడవలో థర్మామీటర్ ఎక్కడుంటుంది అంటారా? దెబ్బ తగలని చేతిని ముందు ముంచి చూడండి. నొప్పితో ఉన్న చేతికి వేడి తెలియదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది. టేకు ముల్లు ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగి ఉంటే దాన్ని లాగకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే బంతిలాంటి సముద్ర జీవి) ముల్లు విరిగి లోపల ఉంటే సూదితో కెలకొద్దు. పైన కనిపించే నల్లటి చుక్క ఒక్కోసారి రంగు మాత్రమే, రెండ్రోజుల్లో పోతుంది. కీలు దగ్గర గుచ్చుకుంటే మాత్రం డాక్టర్ చూడాల్సిందే. ముల్లు ఏదైనా టెటనస్ ఇంజెక్షన్ సంగతి మరవొద్దు.

నొప్పి లేదు కదా అని ఊరుకోకూడనివీ ఉన్నాయి. నీలి వలయాల ఆక్టోపస్, కోన్ నత్త, సముద్రపు పాము. కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోవచ్చు. వీటికి చేతినో కాలినో సాగే బ్యాండేజీతో మొత్తం గట్టిగా చుట్టి, కదలకుండా కట్టి, ఊపిరి ఆగితే కృత్రిమ శ్వాస ఇస్తూ తరలించాలి. అందమైన గవ్వ దొరికిందని జేబులో వేసుకోవడం ఇందుకే ప్రమాదం, లోపల కోన్ నత్త ఉండొచ్చు.

ఒక మెలిక కూడా చెప్పాలి. డైవ్ తర్వాత తిమ్మిరి, కీళ్ల నొప్పి, పొట్ట మీదో తొడల మీదో పాలరాతి గీతల్లాంటి మచ్చలు కనిపిస్తే ‘ఏదో కుట్టి ఉంటుందిలే’ అనుకోకండి. కుట్టిన చోటు కాకుండా వేరే చోట వచ్చాయంటే అది డీకంప్రెషన్ జబ్బు కావచ్చు, అంటే లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకి వచ్చాక బుడగలు కట్టడం. వెంటనే ఆక్సిజన్ పెట్టి, రీకంప్రెషన్ చాంబర్ (గాలి పీడనం మళ్లీ పెంచి చికిత్స చేసే గది) ఉన్న చోటికి పంపాలి.

వచ్చే నెల వెళ్లొచ్చు, చర్మం పూర్తిగా మానితే. మణికట్టు, చీలమండ, మెడ కప్పే పల్చటి లైక్రా సూట్ వేసుకోండి, నీళ్లు చల్లగా ఉంటే నియోప్రీన్ అనే మందపాటి రబ్బరు సూట్. అనుమతి ఉన్న చోట తాడు పట్టుకోవడానికి గ్లౌజు. పైకి వచ్చేటప్పుడు తలెత్తి చూస్తూ రండి, జెల్లీఫిష్‌లు ఎక్కువగా పైనీళ్లలోనే తేలుతుంటాయి. ఒడ్డు నుంచి దిగితే పాదం ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, టేకు చేప అలికిడికి తప్పుకుంటుంది. తేలుడు అదుపులో లేక అడుగుకు తగిలేవాళ్లకే ముళ్లు ఎక్కువ గుచ్చుకుంటాయి, కాబట్టి ఆ సాధన మీద ఒక రోజు ఖర్చుపెట్టినా దండగ కాదు.

సంచిలో పట్టకారు, వెనిగర్ సీసా, ఒక ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్లు పెట్టుకోండి. చన్నీళ్లు కలుపుకుంటే కావలసిన వేడి వస్తుంది. నీళ్లలోకి దూకేముందు పడవవాళ్లను ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడుందో చూపించమనండి.