మాంసం నల్లబడితే దాణాను తప్పుపట్టకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. నాకు ఆరు పాడి గేదెలు, రెండు మగ దూడలు ఉన్నాయి. ఒక దూడకు ఏడాదిన్నర, రెండోదానికి రెండు నెలలు. పోయిన వేసవిలో నాలుగేళ్ల దున్నపోతును అమ్మాను. బేరగాడు దాన్ని సంతలో ఒక రోజంతా ఉంచి, మర్నాడు కోతకు పంపాడు. మాంసం నల్లగా, గట్టిగా ఉందని చెప్పి ఒప్పుకున్న ధరలో కోత పెట్టాడు. దాణా సరిగా లేకపోవడం వల్లే అన్నాడు. పాడేరు వైపు మా బంధువులు చింతపిక్కలు, ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిప్పి), కరక్కాయలు చవకగా ఇప్పిస్తామంటున్నారు. ఇవి దాణాలో కలిపితే మాంసం నాణ్యత పెరుగుతుందా?

జవాబు: ముందు బేరగాడి మాట సంగతి చూద్దాం. మీరు రాసిన దాన్నిబట్టి, నలుపుకు కారణం మీ దాణా కాదు. కోతకు ముందు ఆ పశువు గడిపిన చివరి రోజు.

గేదె జాతి మాంసం సహజంగానే కాస్త ముదురు ఎరుపులో ఉంటుంది. కండలో రంగునిచ్చే మయోగ్లోబిన్ ఎక్కువ కాబట్టి అది లోపం కాదు. కొవ్వు మాత్రం తెల్లగా ఉంటుంది, ఎందుకంటే మేతలోని పసుపు రంగు పదార్థాన్ని గేదె విటమిన్-ఎ గా మార్చేసుకుంటుంది. మీ బేరగాడు చెప్పిన నలుపు వేరు. కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది. కోత తర్వాత అది లాక్టిక్ ఆమ్లంగా మారి, 7 దగ్గరున్న మాంసపు ఆమ్లత కొలత (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) అయిన పీహెచ్‌ను సుమారు 5.5కు దించుతుంది. పశువు ఎండలో నిలబడి, నీళ్లు లేక, కొత్త పశువులతో కుమ్ములాడి, బండిలో కుదుపులు తింటే ఆ నిల్వ బతికుండగానే ఖర్చయిపోతుంది. ఇక ఆమ్లం ఎక్కణ్నుంచి వస్తుంది? పీహెచ్ 6 పైనే ఆగిపోతుంది, మాంసం నల్లగా మిగిలిపోతుంది, తొందరగా పాడవుతుంది కూడా.

దీన్ని కళ్లారా చూడొచ్చు. చల్లబడిన మాంసాన్ని కొత్తగా కోసి, అరగంట గాలి తగలనివ్వండి. మంచి మాంసమైతే కోత మీద ఎరుపు తేలుతుంది. అలసిన పశువుదైతే ఊదా నలుపులోనే ఉండిపోతుంది, వేలితో తాకితే బంకగా అంటుకుంటుంది. ఆస్ట్రేలియాలో పశుమాంసానికి గ్రేడు ఇచ్చేటప్పుడు పీహెచ్ 5.7 దాటితే పక్కన పెట్టేస్తారు. అక్కడి రైతుకైనా మీకైనా ఇందులో నష్టం ఒకటే: ఏళ్ల తరబడి పెంచిన కష్టం ఒక్క రోజులో పోతుంది.

అందుకే ఈసారి దున్నను సంతకు తోలకండి. బేరం ఇంటి దగ్గరే కుదుర్చుకుని, నేరుగా కోతశాలకు పంపే ఏర్పాటు చేసుకోండి. మన తీరంలో మే నెల ఉక్క మీకు తెలిసిందే. గేదె చర్మం నల్లగా ఉంటుంది, చెమట గ్రంథులు తక్కువ, అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. రాత్రి చల్లబడ్డాక ఎక్కించండి, ఎక్కించే ముందు ఒళ్లంతా నీళ్లు కొట్టండి. పక్కన కొత్త పశువును కట్టనివ్వొద్దు. కోతకు 12 గంటల ముందు మేత ఆపినా నీళ్లు చివరిదాకా అందుబాటులో ఉంచాలి. చివర్లో బెల్లం నీళ్లు పడితే సరిపోతుందని కొందరు చెబుతారు. నెమరువేసే పశువుల్లో కండరాల నిల్వ మళ్లీ నిండడానికి రోజులు పడుతుంది, గంటల్లో అయ్యే పని కాదు.

గట్టిదనానికి కారణాలు వేరు. వయసు పెరిగేకొద్దీ కండలోని పీచు ముదురుతుంది, నాలుగేళ్ల దున్నపోతులో అది తెలుస్తుంది. రెండో కారణం మన అలవాటు. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, మనం సరిగ్గా ఆ బిగువు మీదే కూర వండేస్తాం. ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల లోపు ఉంచితే మాంసంలోని ఎంజైములే దాన్ని మెత్తబరుస్తాయి. అలాగని వేడి తగ్గకముందే డీప్ ఫ్రీజర్‌లో పడేస్తే కండ ముడుచుకుని ఇంకా గట్టిపడుతుంది.

ఇప్పుడు మీ బంధువులు చెప్పిన సరుకు. చింతపిక్కలు తీసుకోండి, కానీ తొక్కతో కాదు. ఆ ఎర్రటి తొక్కలోనే టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. అవి మాంసకృత్తులను పట్టుకుని అరగనివ్వవు, పశువు దాణా వదిలేస్తుంది. మన ఇళ్లలో పిల్లలకు పెట్టేటట్టే వేయించి, దంచి, తొక్క చెరిగేయండి. పిక్కల బరువులో ఇంచుమించు మూడో వంతు తొక్కగా పోతుంది కాబట్టి బేరమాడేటప్పుడు అది లెక్కేసుకోండి. పప్పును రవ్వగా ఆడించి వంద కిలోల దాణాలో 10 కిలోలు కలపండి. మిగతాది మొక్కజొన్న 27, తవుడు 30, వేరుశనగ చెక్క 25, మినప పొట్టు 5, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. మీ పెద్ద దూడ 200 కిలోలుంటే రోజుకు రెండు కిలోల వరకు, రెండు పూటలుగా పెట్టండి. కొత్త దాణాను వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయండి. పచ్చిమేత, ఎండుగడ్డి మామూలే.

ఇప్ప చెక్క వద్దు. అందులో సపోనిన్లు అనే, సబ్బులా నురగ వచ్చే చేదు పదార్థాలు ఉంటాయి. మీకు దగ్గర్లో చెరువులు చేసేవాళ్లను అడగండి, పనికిరాని చేపల్ని చంపడానికి చల్లేది దాన్నే. శుద్ధి చేసే పద్ధతులున్నాయి గానీ ఇంటి దగ్గర నమ్మకంగా కుదిరేవి కావు.

కరక్కాయ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. కరక్కాయ, ఉసిరి, మునగాకు సారాలను మాంసపు వంటకాల్లో కలిపితే కొవ్వు చెడువాసన రాకుండా కొంతకాలం ఆపుతాయని పరిశోధనలు జరిగాయి. అది తయారైన మాంసం సంగతి. దాన్ని పట్టుకుని కరక్కాయ పొడి పశువుకు పెడితే మాంసం మెరుగవుతుందనడం సరికాదు. తోళ్లు ఊనడానికి వాడేంత టానిన్ ఉన్న కాయ అది. మీ బంధువుల దగ్గరున్న కరక్కాయను గిరిజన సహకార సంస్థకు అమ్ముకోవడమే వాళ్లకు లాభం. 1956 నుంచి విశాఖ కేంద్రంగా అడవి సరుకు కొంటున్న సంస్థ అది.

ఒక మాట మరవకండి. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం. దున్నను కోతకు పంపాలన్నా పశువైద్యుడి ధ్రువపత్రం, అనుమతి ఉన్న కోతశాల తప్పనిసరి. బేరగాడు చూసుకుంటాడులే అని వదిలేయకుండా మీ పశువైద్యుణ్ని ముందే కలవండి.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది మీ చిన్న దూడ గురించి. మగది కదా అని పాలు తగ్గించి వదిలేసిన దూడ, తర్వాత ఎంత దాణా పెట్టినా కండ పట్టదు. దానికి రోజూ సరిపడా పాలు అందుతున్నాయో లేదో చూసుకోండి. ఏలికపాముల మందు పుట్టిన పదో రోజుకల్లా పడాలి, వేశారో లేదో మీరు రాయలేదు. వేయకపోతే రేపే ఆసుపత్రికి తీసుకెళ్లి, బరువు చూపించి మందు పట్టించండి.