కట్ట విప్పితే: డయ్యర్‌కి చందాలు పోగుచేసిన పేపరు, దాని యజమానురాలు

(పేపర్ల గురించి పాఠకుల ప్రశ్నలకు నరసాపురం మాజీ న్యూస్‌పేపరు ఏజెంటుగారి జవాబులు)

ప్రశ్న: ఏజెంటుగారూ, జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ కోసం లండన్‌లో ఒక పేపరు చందాలు వసూలు చేసిందని, ఆ పేపరు యజమాని ఒక ఆవిడని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనాండీ? ఆ రోజుల్లో ఆడవాళ్ళ చేతికి పేపరు ఎలా వచ్చింది?
– డిగ్రీ విద్యార్థిని, అత్తిలి

జవాబు: నిజమేనమ్మా. ఆ పేపరు పేరు మార్నింగ్ పోస్ట్. ఆవిడ పేరు లిలియాస్. బాథర్స్ట్ ప్రభువుగారి భార్య కాబట్టి లేడీ బాథర్స్ట్ అనేవారు. పేపరు మాత్రం మొగుడిది కాదు, పుట్టింటిది. కథంతా అక్కడే ఉంది.

మార్నింగ్ పోస్ట్ 1772లో పుట్టింది. లిలియాస్ తాతగారు పీటర్ బోర్త్‌విక్ అందులో ఎడిటరు. ఆవిడ నాన్నగారు ఆల్జర్నన్ 1850లో, ఇరవై ఏళ్ళ కుర్రాడిగా, ఆ పేపరు విలేకరిగా పారిస్ వెళ్ళాడు. రెండేళ్ళకి తండ్రి పోతే ఎడిటరు కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి తండ్రీ కొడుకూ జీతగాళ్ళే. పేపరు ఒక కాగితం మిల్లు యజమాని చేతిలో ఉండేది. ఆల్జర్నన్ దాన్ని సొంతంగా కొనుక్కునేసరికి పాతికేళ్ళు పట్టింది. 1881లో ధర ఒక్క పెన్నీకి దించేశాడు. ధర తగ్గిస్తే పరువు పోతుందని పెద్ద పేపర్లు భయపడే రోజులు. పరువు పోలేదు సరికదా సర్క్యులేషన్ లేచింది. ఏజెంటుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ ధైర్యం విలువ నాకు తెలుసు. తర్వాత ఆయన పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1895లో లార్డ్ గ్లెనెస్క్ అయ్యాడు. పేపరు నడిపి ప్రభువుల సభకెక్కిన తొలివాళ్ళలో ఆయనొకడు.

లిలియాస్ 1871లో పుట్టింది. 1893లో ఏడో ఎర్ల్ బాథర్స్ట్‌తో పెళ్ళయింది. గ్లోస్టర్‌షైర్‌లో సైరన్‌సెస్టర్ ఊరి పక్కన వాళ్ళ ఎస్టేటు. ఆమె తమ్ముడు ఆలివర్ పేపరు వ్యవహారాలు చూసుకుంటూ 1905లో చనిపోయాడు. 1908లో తండ్రి కూడా పోయాడు. మగపిల్లాడు లేడు కాబట్టి గ్లెనెస్క్ బిరుదు ఆయనతోనే అంతరించింది. బిరుదు కూతురికి రాదు. పేపరు మాత్రం వచ్చింది! అంతకు ముప్ఫై ఏళ్ళ ముందైతే అదీ తేలిగ్గా కుదిరేది కాదు. పెళ్ళయిన ఆడదాని ఆస్తి ఆమె సొంతమే అని ఇంగ్లండు చట్టం చెప్పింది 1882లో. అంతవరకూ భార్య ఆస్తి మీద పెత్తనం భర్తదే. అలా ముప్ఫైఏడేళ్ళ వయసులో ఆవిడ యజమానురాలైంది. 1924 దాకా పేపరు ఆవిడ చేతిలోనే ఉంది. ఇందులో పదేళ్ళు, అంటే 1918 వరకూ, పార్లమెంటు ఎన్నికల్లో ఆమెకు ఓటు లేదు. మంత్రుల్ని పొద్దున్నే తిట్టిపోయగలదు, వాళ్ళ మీద ఓటు మాత్రం వేయలేదు.

ఆ పేపరు చదివేదెవరంటే సైన్యంలో ఆఫీసర్లు, చర్చి పెద్దలు, భూములున్న కుటుంబాలు. గొప్పింటి పెళ్ళిళ్ళ కబుర్లు, వంటమనిషి కావాలనే ప్రకటనలు దాంట్లోనే పడేవి. సంఖ్యలో పెద్ద పేపరు కాదు. కానీ అది ఏ బల్ల మీద పడుతుందన్నదే దాని బలం. సామ్రాజ్యం విషయంలో అది పరమ మొండి పేపరు.

ఇక నువ్వడిగిన డయ్యర్ సంగతి. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో 1650 రౌండ్లు కాల్పించాడు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. హంటర్ కమిటీ విచారణ తర్వాత 1920లో ఆయన్ని ఉద్యోగం లోంచి తప్పించారు. ఆ జులై 8న పార్లమెంటులో చర్చ జరిగితే, యుద్ధ మంత్రిగా ఉన్న చర్చిల్ లేచి ఆ కాల్పులు ఘోరమని గట్టిగా మాట్లాడాడు. తమాషా ఏమిటంటే, 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి ఇదే మార్నింగ్ పోస్ట్ విలేకరిగా వెళ్ళి, పట్టుబడి, తప్పించుకుని పేరు తెచ్చుకున్నవాడు ఈ చర్చిలే. తన పాత విలేకరి మాట పేపరు వినలేదు. ఆ చర్చ రోజుల్లోనే డయ్యర్ కోసం నిధి తెరిచింది, ఇండియాని కాపాడినవాడు ఈయనేనంటూ. పోగైంది 26 వేల పౌండ్లకి పైనే. కిప్లింగ్ పది పౌండ్లు వేశాడు. ప్రభువుల సభలోనైతే 129 మంది డయ్యర్ వైపు, 86 మంది అటు వైపు ఓటేశారు.

నా మనసు చందాల జాబితా దగ్గరే ఆగిపోతుందమ్మా. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరితోటలు పడిపోయి జనం పోయినప్పుడు పేపరు నిధి తెరిస్తే, మా బడ్డీ దగ్గరా డబ్బు కట్టించుకున్నాను. పది రూపాయలిచ్చిన రిక్షా ఆయన కూడా మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చి, కట్ట విప్పకముందే "నా పేరు పడిందా అండీ" అని అడిగేవాడు. పేరు చూసుకుని, పక్కవాడికి చూపించి వెళ్ళేవాడు. ఒక మనిషి మంచితనానికి అచ్చులో రసీదు అది. మార్నింగ్ పోస్ట్ పాఠకులు కూడా పొద్దున్నే కాఫీ తాగుతూ అలాగే తమ పేరు వెతుక్కుని ఉంటారు కదా. వాళ్ళంతా రాక్షసులు అనుకుంటే ఈ విషయం తేలికైపోతుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళు, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి ఆ కాల్పులు మంచిపనే అని చెప్పిపెట్టింది రోజూ ఇంటికొచ్చే పేపరే.

అదే 1920 జులైలో మార్నింగ్ పోస్ట్ ఇంకో పాపం కూడా చేసింది. ప్రపంచంలో అల్లర్లన్నిటికీ యూదుల కుట్రే కారణమని వరసగా వ్యాసాలు వేసింది. వాటికి ఆధారమైన కాగితాలు దొంగవని మరుసటేడు టైమ్స్ పేపరు బయటపెట్టింది.

ప్రశ్న: యజమాని వార్త రాయరు, ఎడిటోరియల్ రాయరు. మరి అన్నిటికీ ఆవిడదే బాధ్యత అనడం న్యాయమా?
– రిటైర్డ్ పోస్టుమాస్టరు, సఖినేటిపల్లి

జవాబు: మీ ఊరికి పంటు మీద కట్టలు పంపినవాణ్ణి, నన్ను మీరు ఇరికించకూడదండీ.

ఆవిడకు ముందే ఉన్న ఎడిటరు ఫేబియన్ వేర్ 1911లో వెళ్ళిపోయాడు. యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధులు చూసే సంస్థని తర్వాత పెట్టింది ఈయనే. ఆయన చోట్లోకి గ్విన్ అనే వెల్ష్ ఆయన వచ్చాడు. రాయిటర్స్ తరఫున బోయర్ యుద్ధం చూసినవాడు. యజమానురాలు సైరన్‌సెస్టర్‌లో, ఎడిటరు లండన్‌లో. మొదటి ప్రపంచ యుద్ధం అంతా ఆయన ఆవిడకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు: కేబినెట్‌లో ఎవరు ఎవరితో పడటం లేదు, ఏ జనరల్ ఏమంటున్నాడు, ఇవన్నీ. ఆ ఉత్తరాలు తర్వాత అచ్చయ్యాయి. పేపరంటే ఇష్టం లేని యజమానికి ఎడిటరు ఇన్ని ఉత్తరాలు రాయడు. లెక్కలు మాత్రం పంపిస్తాడు.

1918లో రెపింగ్టన్ అనే మాజీ కల్నల్ మిత్రదేశాల యుద్ధ మండలి రహస్యాలు ఈ పేపర్లో రాస్తే, ఆయనకీ గ్విన్‌కీ చెరో వంద పౌండ్లు జరిమానా పడింది. గ్విన్ కుర్చీ కదల్లేదు. ఆవిడ అమ్మేసిన తర్వాత కూడా, 1937 దాకా, ఆయనే ఎడిటరు. ఇష్టం లేకపోతే మార్చేసే అధికారం ఆవిడ చేతిలో పదమూడేళ్ళు ఉంది కదండీ, మార్చలేదు. నా మటుకు నాకు ఆ సాక్ష్యం చాలు.

ప్రశ్న: మనవాళ్ళు అప్పుడు ఏ పేపర్లు నడిపేవారు?
– పెనుగొండ పాఠకుడు

జవాబు: లేడీ బాథర్స్ట్ చేతికి పేపరు వచ్చిన 1908లోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. డబ్బు ఎస్టేటు నుంచి రాలేదు, అమృతాంజనం సీసాల నుంచి వచ్చింది. తలనొప్పి మందు అమ్మి పేపరు నడిపినాయన మనకి ఉన్నాడు, అంతకంటే ఏం కావాలి!

అదే 1908లో బెజవాడలో స్వరాజ్య వారపత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి కథ మాత్రం చేదు. తిరునల్వేలిలో జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే తప్పని రాశారు. రాజద్రోహం కింద చివరికి మూడేళ్ళ జైలు. ఇక్కడ కాల్పుల్ని తప్పన్నందుకు జైలు, అక్కడ కాల్చినవాడికి చందా, చప్పట్లు. రెండూ ఒకే సామ్రాజ్యం, పన్నెండేళ్ళే తేడా. లండన్‌లో యుద్ధ రహస్యం అచ్చేస్తే వంద పౌండ్లతో పోయింది చూశారు కదా.

ప్రశ్న: ఆ పేపరు ఇప్పుడు దొరుకుతుందా?
– భీమవరం నుంచి ఒకరు

జవాబు: దొరకదు. 1924లో ఆవిడ దాన్ని నార్తంబర్లాండ్ డ్యూక్ ముందుండి నడిపిన బృందానికి అమ్మేసింది. 1926 సార్వత్రిక సమ్మెలో లండన్ పేపర్లు ఆగిపోతే, ప్రభుత్వం వేసిన కరపత్రంలాంటి పేపరు మార్నింగ్ పోస్ట్ ప్రెస్సులోనే అచ్చయింది. దాన్ని నడిపింది మళ్ళీ చర్చిలే. 1937లో లార్డ్ కామ్రోజ్ కొని డైలీ టెలిగ్రాఫ్‌లో కలిపేశాడు. కొన్నాళ్ళు టెలిగ్రాఫ్ పేరు కింద ఈ పేరు కూడా వేసేవారు. లేడీ బాథర్స్ట్ మాత్రం చాలాకాలం ఉంది. పెద్ద కొడుకు 1942లో మాల్టాలో విమాన ప్రమాదంలో పోయాడు. కోడలు మరుసటేడే పార్లమెంటుకి నెగ్గింది. లేడీ బాథర్స్ట్ 1965లో పోయింది.

వచ్చే నెల ప్రశ్నలు కార్డు మీద రాసినా ఫరవాలేదు. రాత మాత్రం కాస్త పెద్దదిగా ఉంటే మంచిదండీ.