దూరపు స్వారీలో కొత్తవారు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము అయిదుగురం గుర్రాలు పెంచుకుంటూ, ఆదివారాల్లో సాగర్ ఎడమ కాల్వ గట్టు వెంట 20, 30 కిలోమీటర్ల స్వారీ చేస్తుంటాం. ఎండ్యూరెన్స్ (దూరపు స్వారీ పోటీ) మీద ఆసక్తితో కొత్తవాళ్లు వస్తారు కానీ, మా జోరు అందుకోలేక వెనకబడిపోయి రెండు వారాలకే మానేస్తారు. వారిని నిలుపుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వారు మానేయడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. గుర్రం మందలో బతికే జంతువు. ముందున్నవి నడకకూ దౌడుకూ మధ్య వేగమైన ట్రాట్‌లో దూరమైపోతుంటే వెనక మిగిలిన గుర్రం తల విదిలిస్తూ, కళ్లెం గుంజుతూ వాటిని కలుసుకోవడానికి పరుగందుకుంటుంది. దానిని ఆపడం ఇంకా చేతకాని మనిషి పగ్గాలు బిగబట్టి, జీనును పట్టుకుని ఆ ఉదయమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడుపుతాడు. అటువంటివాడు మరుసటి వారం రాకపోతే దానిని పిరికితనం అనడానికి నాకు మనసొప్పదు. కొత్తవారున్న రోజున మందకంతటికీ వారి వేగమే వేగం కావాలి. అది కుదరని రోజున మీలో ఒకరు నెమ్మదైన గుర్రంతో చివరిదాకా వారి పక్కనే ఉండాలి. తన గుర్రానికి ఆ రోజు వ్యాయామం చాలలేదని సణిగేవారికి మాత్రం ఆ పని అప్పగించవద్దు.

అసలు మొదటి ఆదివారం గుర్రం ఎక్కించకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. ఎండ్యూరెన్స్‌లో స్వారీ ఎంతో, మధ్యలో ఆగినప్పుడు చేసే సేవ అంత. పోటీ దూరాన్ని అంచెలుగా విడదీస్తారు. ప్రతి అంచె చివర పశువైద్యుడు గుర్రాన్ని పరీక్షిస్తాడు. అంతర్జాతీయ పోటీల్లో సాధారణంగా నిర్ణీత సమయంలోగా దాని గుండె నిమిషానికి 64 సార్లకు మించకుండా నెమ్మదించాలి, చేత్తో పట్టుకుని ట్రాట్ చేయించినప్పుడు కుంటకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా ముందుగా వచ్చిన గుర్రమైనా అక్కడితో ఆగిపోవలసిందే.

అందుచేత కొత్తవారి చేతికి ముందుగా స్టెతస్కోపు ఇవ్వండి. గుర్రం ఎడమ ముందుకాలి మోచేయి వెనక, జీను పట్టీ దగ్గర దానిని ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించమనండి. లబ్, డబ్ అనే రెండు చప్పుళ్లూ కలిసి ఒక్క స్పందన అని ముందే చెప్పాలి. లేకపోతే 56 కొట్టుకుంటున్న గుండెను 112గా లెక్కకట్టి, గుర్రానికి ఏమో అయిందని కంగారుపడతారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎదిగిన గుర్రానికి గుండె వేగం నిమిషానికి సుమారు 28 నుంచి 44 దాకా ఉంటుంది. తర్వాత పెదవి ఎత్తి, చిగురును బొటనవేలితో నొక్కి వదలమనండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే ఒంట్లో నీరు తగ్గిందేమోనని అనుమానించాలి. ఈ రెండూ చేతనైన మనిషి మీ బృందానికి ఆ పూటనుంచే పనికివచ్చే మనిషి అవుతాడు. తన అవసరం ఉందని తెలిసినవాడు ఊరికే మానేయడు.

అమెరికాలో 1972లో ఏర్పడిన ఎండ్యూరెన్స్ సంఘం ‘పూర్తి చేయడమే గెలుపు’ అన్న మాటను తన నినాదంగా పెట్టుకుంది. అక్కడి స్వారీల్లో కొన్నిచోట్ల అందరికంటే చివర, కానీ గుర్రాన్ని క్షేమంగా చేర్చినవారికి తాబేలు పేరిట బహుమతి ఇస్తారు. మీరూ పెట్టి చూడండి; ఖర్చు పెద్దగా ఉండదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి దూరపు స్వారీ నేర్చుకుంటానంటున్నాడు. పెళ్లి బరాత్‌లకు తిప్పే గుర్రం ఒకటి అమ్మకానికి ఉంది. వేసవి సెలవుల్లో మొదలుపెడతాడట. కొనిపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఇప్పుడే కొనవద్దమ్మా. కొన్ని నెలలపాటు అనుభవజ్ఞుల గుర్రాల మీద నేర్చుకోనివ్వండి. ఆ బృందంలో పేడ ఎత్తడం, గిట్టలు శుభ్రం చేయడం అతనికి విసుగనిపించకపోతే అప్పుడు ఆలోచిద్దాం. బరాత్ గుర్రానికి బ్యాండు మోతకూ టపాసులకూ బెదరని సుగుణం ఉంటుంది, కాదనను. కానీ గట్టి రోడ్డు మీద గంటలకొద్దీ నిలబడి, ఎగిరి, కాళ్లు దెబ్బతిన్నవీ వాటిలో ఉంటాయి. పశువైద్యుడు దానిని నడిపించి, ట్రాట్ చేయించి చూడాలి. మనుషులకూ సోకే గ్లాండర్స్ వ్యాధికి రక్తపరీక్ష కూడా చేయించాలి. జీనుతో కలిపి రౌతు బరువు గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని ఒక మోటు లెక్క ఉంది. 350 కిలోల గుర్రమైతే 70 కిలోలన్నమాట.

వేసవి సంగతికి వస్తే, పాలమూరు ఎండల్లో కొత్త గుర్రమూ కొత్త రౌతూ కలిసి మొదలుపెట్టడం ఇద్దరికీ మంచిది కాదు. దసరా దాటనివ్వండి. గుర్రానికి గుండె, కండరాలు కొన్ని నెలల్లో గట్టిపడతాయి. కాళ్లలో కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువులు, ఎముకలు దూరానికి అలవాటుపడడానికి అంతకంటే ఎక్కువ కాలం కావాలి. గుర్రం హుషారుగా ఉంది కదా అని దూరం పెంచేవారు సాధారణంగా చిక్కుల్లో పడేది ఇక్కడే. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు మాత్రం మొదటి రోజునుంచే ఉండాలి. చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోకి జారి ఇరుక్కుంటుంది, పడినప్పుడు గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది.

ప్రశ్న: చెమటతో ఉన్న గుర్రానికి నీళ్లు తాగించకూడదని, ఒంటిమీద చల్లనీళ్లు పోయకూడదని మా తాతగారు అంటారు. నేను కొత్తగా చేరిన బృందంలో రెండూ చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: ఈ విషయంలో బృందం మాటే సరైనది. గుర్రం చెమటలో నీటితోపాటు ఉప్పు చాలా ఎక్కువగా పోతుంది. దారిలో దొరికిన ప్రతి చోటా దానిని తాగనివ్వాలి, ఆగినచోట మెడమీదా రొమ్ముమీదా ధారాళంగా నీళ్లు పోస్తూనే ఉండాలి. కొత్తవారికి ఇటువంటి విషయాలను కారణంతో సహా చెప్పడం బృందం బాధ్యత. తాతగారిని ఎగతాళి చేయించడం కాదు. అయితే అరగంట చల్లబరిచినా గుండె వేగం తగ్గకపోయినా, మేత ముట్టకుండా తల వేలాడేసినా, కొత్తవారే అది ముందుగా గమనించినా సరే, స్వారీ అంతటితో ఆపి వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.