బండి వేడెక్కితే ముందు నీళ్లు కాదు, గాలి చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఉన్న డబ్బంతా పెట్టి సెకండ్ హ్యాండ్‌లో మినీ ట్రాక్టర్ కొన్నావు. బత్తాయి తోటలో స్లాషర్‌తో గడ్డి కొడుతుంటే అరగంట తిరక్కుండానే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోందంటే నీకెంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. సిగ్నల్ సరిగా లేక సగం మాటలు మింగేశాను. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా. దీన్ని బండి దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కొక్కటీ చదువుకుంటూ చూడు.

మాటల మధ్యలో నువ్వో సంగతి చెప్పావు. కాయ లోడేసుకుని నల్లగొండ దాకా పోయినప్పుడు ముల్లు కదల్లేదని, తోటలో స్లాషర్ తగిలిస్తేనే ఎక్కుతోందని. సగం రోగం ఆ ఒక్క మాటతో తెలిసిపోతోంది. వాటర్ పంపు పోయినా, వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ బిగుసుకున్నా లోడుతో రోడ్డెక్కినప్పుడు కూడా బండి ఎంతో కొంత వేడెక్కాలి. గడ్డి కొట్టేటప్పుడే వేడెక్కుతోందంటే ఇంజన్‌కు కరువైంది నీళ్లు కాకపోవచ్చు, గాలి కావచ్చు. నీ మెకానిక్ ‘నీళ్లు తగ్గాయి, పోసుకో’ అన్నాడన్నావు. తగ్గితే పోయాల్సిందే. కానీ ఎందుకు తగ్గాయో చూడకుండా పోసుకుంటూ పోతే రోగం లోపలే ముదురుతుంది.

అన్నిటికంటే ముందు, ముల్లు ఎక్కినప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. ఎర్రగీత దాకా ఆగొద్దు. మామూలుగా నిలిచే చోటు దాటి పైకి కదిలిందంటే అప్పుడే పీటీవో, అదే ఇంజన్ బలంతో స్లాషర్‌ను తిప్పే ఇరుసు, తీసెయ్. స్లాషర్ ఆగనివ్వు. బండిని న్యూట్రల్‌లో నిలిపి, రేసు తగ్గించి మూడు నాలుగు నిమిషాలు తిరగనివ్వు. ఇంజన్ తిరుగుతుంటే ఫ్యానూ పంపూ తిరుగుతాయి, ఆ వేడిని బయటికి తోస్తాయి. టక్కున ఆపేస్తే లోపలి వేడంతా ఇంజన్ పైభాగంలో, హెడ్‌లోనే నిలిచిపోతుంది. అయితే ఫ్యాన్ బెల్ట్ తెగినా, పైపు పగిలి నీళ్లు కారిపోతున్నా, ఆవిరి బుస్సున తన్నుకొస్తున్నా ఇది పనికిరాదు. అప్పుడు వెంటనే ఇంజన్ ఆపేసి దూరం జరుగు.

రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టుకోవద్దు. నా కుడి ముంజేతి మీద మచ్చ చిన్నప్పుడు నువ్వు చాలాసార్లు అడిగేవాడివి గుర్తుందా? అది రేడియేటర్ మూతది. గుడ్డ అడ్డం పెట్టుకునే తిప్పాను. ఆ మూత లోపల ఒత్తిడిని బిగించి పట్టుకుని ఉంటుంది. దాని మీద 0.9 అని ఉంటే, లోపలి నీళ్లు 100 డిగ్రీలకు కాదు, దాదాపు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత వదులైన క్షణంలోనే ఆ నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మీదికి ఎగజిమ్ముతాయి. గుడ్డ తడిసిపోయి చేతికే అంటుకుంది. కనీసం అరగంట, ఎండ ఎక్కువగా ఉంటే గంట ఆగు. పై హోస్ పైపును చేత్తో నొక్కి చూడు. మెత్తగా ఉండి, చెయ్యి పెట్టి ఉంచుకోగలిగితే అప్పుడు తియ్యి.

ఇక అసలు విషయానికొస్తా.

గడ్డి కొట్టడమంటే బండిని దుమ్ములో, నూగులో, తుక్కులో నిలబెట్టి గాలి పీల్చమనడమే. ఇంజన్‌లో మండిన డీజిల్ వేడిలో సుమారు మూడో వంతు పనికి పోతే, ఇంకో మూడో వంతు నీళ్ల ద్వారా రేడియేటర్‌లోంచే బయటికి పోవాలి. మినీ ట్రాక్టర్ రేడియేటర్ చూస్తే ఎంతుంటుంది, రెండు పలకలంత. దాని కన్నాలు మూసుకుపోతే ఆ వేడి ఎక్కడికి పోతుంది?

మన తోటల్లో గడ్డిచామంతి ఉంటుంది కదా, మధ్యలో పసుపుపచ్చ, చుట్టూ తెల్లరేకులు. అది ఎండిందంటే ఒక్కో పువ్వూ ఓ దూదిపింజె అవుతుంది. స్లాషర్ తగిలితే ఆ నూగంతా లేచి బండి ముక్కులోకి పోతుంది. వయ్యారిభామ తుక్కు, గరిక పొట్టు దాని మీద చేరతాయి. ముందు జాలి మీద పట్టింది చేత్తో దులిపేసి శుభ్రమైందనుకుంటాం. అక్కడే అందరం పొరపాటు పడతాం. జాలి దాటిపోయిన సన్ననూగు రేడియేటర్ రెక్కల మధ్య కూరుకుంటుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. పోయినేడు మా పక్క రైతు బండి జాలి తీసి రేడియేటర్‌ను టార్చి లైటుతో చూశాను. రేడియేటర్ కింది సగం మీద బూడిదరంగు కంబళి పరిచినట్టుంది. గోరుతో ఒక మూల లేపితే ముక్కలు కాకుండా పొరలా ఊడి వచ్చింది. ఇంజన్ నుంచి చెమర్చిన ఆయిల్ దుమ్ములో కలిసి నూగును అతికించేసింది.

నీ బండి సంగతి తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ చేసి, బానెట్ మూసే ఉంచి, మధ్యరకం రేసులో పెట్టు. ఒక నోటుబుక్కు కాగితం ముందు జాలికి ఆనించి వదిలెయ్. మన బండ్లలో చాలావరకు ఫ్యాన్ ముందు నుంచి గాలిని లోపలికి లాగుతుంది కాబట్టి కాగితం జాలికి అతుక్కుని నిలవాలి. పైన, మధ్యలో, కింద, రెండు పక్కలా పెట్టి చూడు. ఏ చోట జారి పడిపోతుందో అక్కడ లోపల మూసుకుపోయిందన్నమాట. కాగితం అతుక్కోకుండా బయటికి ఎగురుతుంటే మాత్రం ఫ్యాన్‌ను ఎవరో విప్పి తిరగేసి బిగించారేమో చూడు. సెకండ్ హ్యాండ్ బండి కదా, అలాంటివి ఉంటాయి.

శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకో. జాలి పక్కకు తీసి, గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, అంటే ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టు. ముందు నుంచి కొడితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. కంప్రెసర్ గొట్టం రెక్కలకు మరీ దగ్గర పెట్టకు, సన్నటి అల్యూమినియం రెక్కలు వంగి పడుకుంటాయి. పడుకున్న రెక్కల సందుల్లోంచి గాలి పోదు, అదీ మూసుకున్నట్టే. ఆయిల్ జిడ్డు ఉంటే సబ్బునీళ్లు చల్లి పావుగంట నాననిచ్చి, మామూలు నీళ్ల పైపుతో ఇంజన్ వైపు నుంచే కడుగు. సర్వీసింగ్ షెడ్డులో కార్లు కడిగే ప్రెషర్ గన్ దగ్గర నుంచి వాడనివ్వకు. గడ్డి కొట్టే రోజుల్లో ఇది వారానికోసారి చేసే పని కాదు. గడ్డిచామంతి ఎండిన తోటలో అయితే గంటకోసారి బండి ఆపి జాలి దులపాలి, పొద్దుగూకాక లోపలి రేడియేటర్‌కు ఇంజన్ వైపు నుంచి గాలి కొట్టాలి.

ఇలా గాలి కొట్టాక కూడా ముల్లు ఎక్కితేనే మిగతావి చూడు.

ఫ్యాన్ బెల్ట్ రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూగా దిగాలి. అంతకంటే వదులుగా ఉంటే ఊరికే తిరిగేటప్పుడు బాగానే ఉంటుంది, స్లాషర్ లోడు పడగానే జారుతుంది. బెల్ట్ లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టే, మార్చెయ్. ఖరీదైన సామాను కాదు, ఒకటి ఎప్పుడూ టూల్‌బాక్స్‌లో ఉంచుకో.

నీళ్ల గురించి చెప్పాలంటే నాకు మా పాత బండి గుర్తొచ్చి ఇప్పటికీ బాధేస్తుంది. బోరు నీళ్లే పోసేవాళ్లం. మన నల్లగొండ వైపు బోరు నీళ్ల ఉప్పు సంగతి నీకు తెలుసు, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో చూస్తూనే ఉంటావు. అదే పొర ఇంజన్ లోపలి దారుల్లో, రేడియేటర్ సన్నగొట్టాల్లో కట్టింది. వేడెక్కినప్పుడల్లా ఇంకాసిన్ని పోశాం. ఓ ఏడాది శ్రావణంలో మోకాలెత్తు గడ్డి కొడుతుంటే బండి మరిగింది. నేను గట్టు మీద ఉన్నాను. డ్రైవర్ పిల్లవాడు మంచి చేస్తున్నాననుకుని, కాస్త ఆవిరి తగ్గగానే బోరు కింద నుంచి బిందెడు చల్లనీళ్లు తెచ్చి పోసేశాడు. లోపలినుంచి టక్ మని శబ్దం వచ్చింది. అంతే, హెడ్ పగిలింది. వాణ్ని నేనేమీ అనలేదు, వాడికి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. దసరా దాకా బండి షెడ్డులోనే ఉంది, ఆ ఏడు కలుపు చెట్ల నడుం దాకా పెరిగింది.

అందుకే చెబుతున్నా. నీ బండిలో ఇప్పుడున్న నీళ్లు ఒక తెల్లటి సీసాలోకి వంపి చూడు. తుప్పురంగుగా ఉంటే మంచి మెకానిక్‌తో ఫ్లష్ చేయించు, అంటే లోపలి నీళ్ల దారులన్నీ కడిగించు. తర్వాత రెడీమిక్స్ కూలెంట్ పోయించు, లేదా కూలెంట్‌నూ డిస్టిల్డ్ వాటర్‌నూ సగంసగం కలిపి పోయించు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకంటారు చాలామంది. తుప్పు పట్టనివ్వదు, నీళ్లకంటే ఆలస్యంగా మరుగుతుంది, అందుకు. పోసిన తారీఖు బానెట్ లోపల పెయింటుతో రాసుకో. ఎప్పుడైనా దారిలో తగ్గితే ఇంజన్ చల్లారాకే పొయ్యి, కొద్దికొద్దిగా పొయ్యి.

మూత రబ్బరు వాషర్ కూడా చూడు. గట్టిపడి చీలికలిస్తే ఒత్తిడి నిలవదు, నీళ్లు త్వరగా మరిగి పొంగిపోతాయి. మార్చేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకెదే తీసుకో.

థర్మోస్టాట్ గురించి ఒక హెచ్చరిక. బండి వేడెక్కుతోందనగానే కొందరు దాన్ని పీకి పారేస్తారు. ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, డీజిల్ సరిగా మండదు, ఇంజన్ త్వరగా అరుగుతుంది. అనుమానముంటే విప్పించి ఇంటికి తెచ్చుకో. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో కట్టి అడుగు తాకకుండా వేలాడదీసి కాచు. దాని మీదే డిగ్రీలు అచ్చేసి ఉంటాయి, ఎక్కువగా 71 నుంచి 82 మధ్య. నీళ్లు ఆ వేడికి వచ్చేసరికి విచ్చుకోవడం మొదలుపెట్టాలి, మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయించు.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న సంగతి, నడిపే తీరు. నువ్వు మోకాలు దాటిన గడ్డిని ఒక్క దెబ్బకు నేలకంటా కొడుతున్నావని నా అనుమానం. మొదటిసారి స్లాషర్ పైకి లేపి సగం కొట్టు. రెండు రోజులు వాడనిచ్చి రెండోసారి కిందికి దించి కొట్టు. డీజిల్ దండగ అనుకుంటావేమో, ఇంజన్ విప్పి రిపేరు చేయించడం కంటే చవకే. బ్లేళ్లు మొద్దుబారితే కోయవు, గడ్డిని చీరుస్తాయి, ఇంజన్ మీద బరువంతా పడుతుంది. కొట్టిన గడ్డి కొసలు తెల్లగా పీచులుగా ఉంటే బ్లేళ్లు సాన పట్టించాల్సిందే. వాటి దగ్గరికి చెయ్యి పోనిచ్చేముందు బండి ఆపి, స్లాషర్ కింద దిమ్మలు పెట్టు, ఉత్త హైడ్రాలిక్‌ను నమ్మకు.

గేరు పెద్దది వేసి రేసు తగ్గించి నడిపితే డీజిల్ ఆదా అవుతుందనుకోకు. రేసు తగ్గితే ఫ్యానూ పంపూ కూడా నెమ్మదిస్తాయి, ఇంజన్ మాత్రం ముక్కుతూ ఉంటుంది. మీటర్‌లో 540 పీటీవో గుర్తు (పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరిగే చోటు) దగ్గర రేసు నిలిపి, చిన్న గేరులో నెమ్మదిగా పో. సైలెన్సర్ నుంచి నల్లపొగ విడవకుండా వస్తుంటే బరువెక్కువైనట్టు, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకున్నట్టు. దాన్నీ ఓసారి తీసి చూడు. ఎండాకాలంలో అయితే పొద్దున్నే మొదలుపెట్టి పదింటికల్లా ఆపెయ్.

ఒకటి మాత్రం నీకు నువ్వు బాగుచేసుకునేది కాదు. బండి చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, స్టార్ట్ చేసి నీళ్ల వైపు చూడు. మొదట్లో వచ్చే రెండు మూడు బుడగలు లెక్కలోవి కాదు. ఆగకుండా బుడబుడ వస్తుంటే, ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గుతుంటే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడితే హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్ కింద బిగించే పలచటి సీలు, పోయినట్టు. అప్పుడు ఇంకో సాలు కూడా కొట్టకు, బండిని తోలుకుని పోకు, ట్రాలీ మీద వేయించి షెడ్డుకు పంపు.

రేపు పొద్దున ముందు కాగితం పెట్టి చూసి నాకు ఫోన్ చెయ్. కింది సగంలో కాగితం పడిపోతోందంటే ఇక మెకానిక్‌ను పిలవకు, గాలి కొట్టడం మొదలుపెట్టు. ఆదివారం నేను వస్తున్నా. మా షెడ్డులో ఉన్న పాత కంప్రెసర్ గన్‌కు పొడుగు ముక్కు ఉంది, అది ఫ్యాన్ సందులోంచి రేడియేటర్ దాకా పోతుంది, తెస్తాను. అక్కయ్యను నా కోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యొద్దని చెప్పు, జొన్నరొట్టె ఉంటే చాలు.

ఇట్లు,
మీ మామయ్య