ఫిజిక్స్ సూత్రాలన్నీ వచ్చు, లెక్క ఇస్తే మాత్రం చేయలేను. ఏం చేయాలి?

మీ ప్రశ్న వివరంలో ఒక మాట నాకు బాగా తగిలింది. "చేసి ఉన్న లెక్క చూస్తే పూర్తిగా అర్థమవుతుంది, అలాంటిదే ఇంకొకటి ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. చివరికి పుస్తకం వెనక జవాబు చూసి, అది వచ్చేదాకా ప్లస్‌ని మైనస్ చేస్తూ కూర్చుంటాను" అన్నారు. నవ్వొచ్చింది, ఎందుకంటే ఒక ఏడాదిపాటు నేను చేసిందీ అచ్చంగా ఇదే.

డిగ్రీ మొదటి ఏడాది మెకానిక్స్ పరీక్షలో నాకు 50కి 11 వచ్చాయి. సూత్రాలు రాకనా అంటే, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. హాల్లో నేను చేసిన పని ఏమిటంటే, ప్రశ్నలో కనిపించిన అంకెలన్నీ ఏరి పక్కన రాసుకోవడం, ఆ అక్షరాలున్న సూత్రం ఏదో గుర్తు తెచ్చుకోవడం, అందులో పడేయడం. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టుకుని, తాళం వంక చూడకుండా ఒక్కొక్కటే దూర్చి తిప్పడం లాంటిది. ఒక్కోసారి తెరుచుకునేది కూడా, అదే పెద్ద ప్రమాదం.

ఆ పేపర్లో పోయిన ఒక లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు. నునుపైన బల్ల మీద 3 కిలోల దిమ్మ ఉంది. దానికి తాడు కట్టి, బల్ల అంచున ఉన్న కప్పీ మీదుగా కిందికి వదిలి, ఆ కొసకి 2 కిలోల దిమ్మ వేలాడదీశారు. వదిలేస్తే త్వరణం ఎంత, తాడులో తన్యత ఎంత? (గురుత్వ త్వరణం 9.8 బదులు 10 మీ/సె² అనుకుందాం, చేతిలెక్కకి వీలుగా ఉంటుంది.)

నా జవాబు ఇలా సాగింది. వేలాడే దిమ్మ బరువు 20 న్యూటన్లు. కాబట్టి తాడు పై దిమ్మను 20 న్యూటన్లతో లాగుతుంది. 20ని 3తో భాగిస్తే త్వరణం 6.67. రెండు నిమిషాల్లో అయిపోయింది, పక్కవాడు ఇంకా బొమ్మ గీస్తున్నాడని జాలి కూడా పడ్డాను. వచ్చింది సున్నా.

పేపరు ఇచ్చేటప్పుడు సార్ తప్పెక్కడో చెప్పలేదు. "బల్ల మీద 3 కిలోలు తీసేసి 1 కిలో పెట్టు. నీ పద్ధతిలోనే మళ్లీ చెయ్యి" అన్నారు. చేస్తే త్వరణం 20 వచ్చింది. "ఇప్పుడు తాడు తెంపేశాను. ఆ 2 కిలోల దిమ్మ ఎంత త్వరణంతో పడుతుంది?" పది, అన్నాను. "అంటే ఏ అడ్డూ లేకుండా పడేదానికంటే, వెనకాల ఇంకో దిమ్మను ఈడ్చుకుంటూ పడేది రెండు రెట్లు జోరుగా పడుతుందా?"

ఆ ఒక్క ప్రశ్నతో నాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, నా జవాబు తప్పని తెలుసుకోవడానికి వెనక పేజీ అక్కర్లేదు. రెండోది, ఆ లెక్కలో ఏం జరుగుతోందో నేను ఒక్క క్షణం కూడా ఊహించుకోలేదు.

సరైన దారి చూడండి. వేలాడే దిమ్మను ఒక్కదాన్నే విడిగా గీయండి. కిందికి 20 న్యూటన్ల బరువు, పైకి తాడు లాగుడు, అంటే తన్యత. దిమ్మకి త్వరణం లేకపోతేనే ఆ రెండూ సమానం. ఇది కిందికి త్వరణంతో పోతోంది కాబట్టి తాడు లాగుడు 20 కంటే తక్కువై తీరాలి. నా తప్పంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు బల్ల మీది దిమ్మను విడిగా గీయండి. బరువుకీ, బల్ల పైకి నెట్టే బలానికీ సరికి సరి. అడ్డంగా మిగిలింది తన్యత ఒక్కటే. తాడు సాగదు కాబట్టి రెండు దిమ్మల త్వరణమూ ఒకటే. ఇక రాసేయొచ్చు:

తన్యత = 3 × త్వరణం
20 − తన్యత = 2 × త్వరణం

రెండూ కలిపితే 20 = 5 × త్వరణం. త్వరణం 4 మీ/సె², తన్యత 12 న్యూటన్లు. సార్ అడిగిన పరీక్షే దీనికీ పెట్టండి. పై దిమ్మ ద్రవ్యరాశి దాదాపు సున్నా అనుకుంటే త్వరణం 10కి చేరుతుంది, అంటే స్వేచ్ఛగా పడుతున్నట్టే. పైన కొండంత దిమ్మ పెడితే త్వరణం సున్నాకి దిగుతుంది, తన్యత 20కి చేరుతుంది. రెండు కొసల్లోనూ జవాబు బుద్ధికి సరిపోతోంది.

గమనించారా, ఇక్కడ కొత్త సూత్రమేదీ రాలేదు. బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అన్న న్యూటన్ రెండో నియమాన్నే నేనూ వాడాను. కాకపోతే ఏ వస్తువు గురించి రాస్తున్నానో తేల్చుకోకుండా రాశాను. ఒక దిమ్మ బలం తీసుకెళ్లి ఇంకో దిమ్మ ద్రవ్యరాశితో భాగించాను.

కాబట్టి నా సలహా అంతా ఒక చోటే తిరుగుతుంది. కలం పట్టుకోగానే సూత్రం రాయకండి. ముందు "నేను మాట్లాడుతున్నది ఏ వస్తువు గురించి?" అని అడగండి. తర్వాత "దీన్ని ఏవేవి తాకుతున్నాయి?" అని. తాకే ప్రతిదీ నెట్టొచ్చు, లాగొచ్చు. తాకకుండా పనిచేసేది తొలి పాఠాల్లో భూమి ఆకర్షణ ఒక్కటే. కరెంటు, అయస్కాంతాల పాఠాలు వచ్చాక ఇంకో రెండు చేరతాయి. బొమ్మలో గీసిన ప్రతి బాణం దగ్గరా ఆగి, దీన్ని వేస్తున్నదెవరు అని అడగండి. తాడా, బల్లా, భూమా? జవాబు లేని బాణం ఉంటే కొట్టేయండి.

ఆ జవాబు లేని బాణం చాలామంది బొమ్మల్లో ఉంటుంది, కదిలే వైపుకి గీసిన "కదలిక బలం". నేను ట్యూషన్ చెప్పిన పిల్లల్లో ఇది వేయనివాళ్లు అరుదు. లిఫ్ట్ లెక్కలో ఇది బాగా బయటపడుతుంది. 60 కిలోల మనిషి లిఫ్టులో బరువు తూచే యంత్రం మీద నిలబడ్డాడు. లిఫ్ట్ పైకి పోతూ, ఆగడానికి 2 మీ/సె² చొప్పున నెమ్మదిస్తోంది. యంత్రం అతన్ని ఎంత బలంతో పైకి నెడుతోంది? పైకి పోతోందిగా, బరువు ఎక్కువ చూపించాలి అని 720 న్యూటన్లు రాసేస్తారు. పైకి పోతూ నెమ్మదిస్తోందంటే త్వరణం కిందికి ఉంది. మనిషిని తాకేది యంత్రం ఒక్కటే, దాని నెట్టుడు పైకి. భూమి లాగుడు కిందికి 600. నికర బలం కిందికి 120 కావాలి కాబట్టి యంత్రం నెట్టేది 480. వేగం ఎటుందో బలాలకి అనవసరం, అది ఎలా మారుతోందన్నదే వాటికి కావాలి. లిఫ్ట్ పై అంతస్తులో ఆగబోయేటప్పుడు ఒళ్లు తేలిగ్గా అనిపిస్తుంది కదా, ఆ సంగతే ఇది.

ఇక మీ ప్లస్, మైనస్ల గొడవ. పైకి ప్లస్ అని ఒకసారి కాగితం మూల రాసుకుంటే, ఆ లెక్క అయ్యేదాకా మార్చకూడదు. అంతే. 15 మీటర్ల ఎత్తు మేడ అంచు నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, నేలను తాకడానికి ఎంతసేపు? చాలామంది దీన్ని పైకి పోవడం ఒక లెక్కగా, దిగడం ఇంకో లెక్కగా విడగొట్టి మధ్యలో గుర్తులు మార్చేస్తారు. అక్కర్లేదు. పైకి ప్లస్ అంటే స్థానభ్రంశం −15, తొలి వేగం +10, త్వరణం −10. ఒకే సమీకరణంలో వేస్తే కాలానికి 3 సెకన్లు, −1 సెకను అని రెండు విలువలొస్తాయి. ఆ −1ని పారేయమని చెబుతారు, పారేయాల్సిందే. కానీ పారేసే ముందు ఒకసారి చూడండి. మీరు విసరడానికి ఒక సెకను ముందు, ఎవరో నేల మీద నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో ఇదే బంతిని పైకి విసిరి ఉంటే, అది సరిగ్గా మీరు విసిరే క్షణానికి మేడ అంచు దాటుతూ 10 వేగంతో ఉండేది. సమీకరణానికి చెయ్యి ఎవరిదో తెలియదు మరి. నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం, అందుకే అడగకపోయినా చెప్పాను.

సరే, బొమ్మ గీశాం, కానీ ఏ నియమం వాడాలో ఎలా తెలుస్తుంది? 1981లో మిషెలిన్ చీ, పాల్ ఫెల్టోవిచ్, రాబర్ట్ గ్లేసర్ అనే పరిశోధకులు కొన్ని ఫిజిక్స్ లెక్కలిచ్చి, ఒక రకానివి ఒకచోట పెట్టమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు వాలుతలం ఉన్నవన్నీ ఒక కుప్ప, స్ప్రింగులు ఉన్నవన్నీ ఇంకో కుప్ప వేశారు. బాగా వచ్చినవాళ్లు మాత్రం శక్తి నిత్యత్వంతో తేలేవి ఇవి, రెండో నియమంతో తేలేవి ఇవి అని వేశారు. బొమ్మలో ఏముందన్నది వాళ్లు పట్టించుకోలేదు. మీ పుస్తకంలో అధ్యాయం చివరున్న లెక్కలు ఈ పని మీకు రానివ్వవు, ఎందుకంటే అధ్యాయం పేరే ఏం వాడాలో చెప్పేస్తుంది. పరీక్షలో ఆ పేరు ఉండదు. అందుకే మూడు నాలుగు అధ్యాయాల లెక్కలు కలిపేసి, చేయకుండా, ఒక్కో దానికి ఏం వాడతానో, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. అరగంటలో ఇరవై లెక్కలు చూడొచ్చు.

గుర్తులు కొన్ని చెప్తాను. కాలం గురించో, తాడు లాగుడు గురించో అడిగితే బలాల దారి. మొదటి ఎత్తు, చివరి వేగం లాంటివి ఉండి మధ్యలో ఏం జరిగిందో అడగకపోతే శక్తి దారి. గుద్దుకోవడం, అతుక్కోవడం, పేలడం ఉంటే ద్రవ్యవేగం (ద్రవ్యరాశి ఇంటూ వేగం) దారి. చిక్కంతా ఒకే లెక్కలో రెండు దశలున్నప్పుడు వస్తుంది.

తాడుకి వేలాడే 1.99 కిలోల చెక్కదిమ్మలోకి 10 గ్రాముల తుపాకీ గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో దూసుకొచ్చి ఇరుక్కుపోయింది. దిమ్మ ఎంత ఎత్తుకి లేస్తుంది? తుపాకీ గుండు వేగం కొలవడానికి ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ 1742లో ప్రచురించిన పద్ధతి ఇదే. శక్తి ఎక్కడికీ పోదు కదా అని మొదట్నుంచి చివరిదాకా శక్తి సమీకరణమే రాస్తే ఏమవుతుందో చూడండి. గుండు గతిజశక్తి 800 జౌళ్లు. దాంతో 2 కిలోలు 40 మీటర్ల ఎత్తుకి లేవాలి. పదమూడు అంతస్తుల మేడంత! ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. నిజానికి గుండు దూరే దశలో నిలిచేది ద్రవ్యవేగం. 0.01 × 400 అంటే 4, దాన్ని 2 కిలోలు పంచుకుంటే వేగం సెకనుకు 2 మీటర్లు. ఆ తర్వాత పైకి ఊగే దశలో శక్తి నిలుస్తుంది, దాంతో ఎత్తు 0.2 మీటర్లు, అంటే జానెడు. మిగతా 796 జౌళ్లు చెక్కని చీల్చడానికి, వేడెక్కించడానికి ఖర్చయిపోయాయి. "ఏది నిలుస్తుంది" అన్నదొక్కటే కాదు, "ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా" అని కూడా అడగాలి.

అంకెలు చివర్లో వేయండి. అక్షరాలతో సాధిస్తే కొసల పరీక్ష పెట్టడానికి వీలుంటుంది, ప్రమాణాలు కుదిరాయో లేదో కూడా చూసుకోవచ్చు. మొదట్లోనే అంకెలు వేస్తే మిగిలేది 6.67 లాంటి ఒక మూగ సంఖ్య.

"చూస్తే అర్థమవుతుంది" అన్నారు కదా, దాని గురించి కొంచెం నిష్ఠూరంగా చెప్పాలి. చేసి ఉన్న లెక్కలో ప్రతి వరుసా పై వరుస నుంచి వస్తుంది కాబట్టి అర్థమవుతుంది. కానీ ఆ వరుసే ఎందుకు రాయాలనిపించిందో పుస్తకం చెప్పదు, మీకు రానిది అదే. నేను మార్చిన అలవాటు ఇది: ఇరవై నిమిషాలు సొంతంగా కొట్టుకోవడం, కదలకపోతే సమాధానంలో ఒక్క వరుస మాత్రమే చూసి మిగతాది చేత్తో మూసేయడం, ఆగిన ప్రతిచోటా "ఇక్కడ నేను ఏం చూడలేదు?" అని మార్జిన్‌లో రాసుకోవడం. మర్నాడు తెల్లకాగితం మీద అదే లెక్క మళ్లీ మొదట్నుంచి. మొదటి నెలంతా రోజుకి మూడు లెక్కలకంటే ఎక్కువ అయ్యేవి కావు, చిరాకేసేది. ఆ మార్జిన్ మాటలు మాత్రం రెండు నెలలకి తిరగేసి చూస్తే సగానికి పైగా ఒకటే, "రెండో వస్తువుకి బొమ్మ గీయలేదు" అని.

రోజుకి ఎన్ని లెక్కలు చేయాలని కూడా అడిగారు. నాకైతే నలభై చూసి దాటేయడం కంటే, ఒక లెక్కనే నాలుగు రకాలుగా మార్చి చేయడం పనికొచ్చింది. పైన చెప్పిన కప్పీ లెక్కనే తీసుకోండి. బల్ల గరుకుగా ఉంది, ఘర్షణ గుణకం 0.2 అనుకోండి. కాగితం ముట్టుకోకుండా ముందు చెప్పండి: తన్యత 12 కంటే పెరుగుతుందా, తగ్గుతుందా? కారణం ఒక వాక్యంలో రాసుకున్నాకే లెక్క చేయండి. మీకు 14.4 న్యూటన్లు రావాలి.