నలుగురిలో నోరు విప్పని అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి భీమవరంలో బీటెక్ మూడో సంవత్సరం. మార్కులకు లోటు లేదు. నలుగురిలో మాట్లాడదు, ఇంగ్లీషులో అయితే నోరే విప్పదు. చుట్టాల ముందు మాట్లాడమంటే తల దించుకుంటుంది. వాళ్ల అమ్మమ్మతో మాత్రం గంటల తరబడి కబుర్లు. హైదరాబాద్‌లో స్పోకెన్ ఇంగ్లీషు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు మేలా, కాలేజీలోనే సాధన మేలా? – ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: పిల్ల స్వభావమే ఉద్యోగానికి అడ్డొస్తుందేమోనని మీ అసలు భయం. ఏటా ప్లేస్‌మెంట్ల ముందు ఎంతోమంది తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. ధైర్యంగా ఉండండి, అడ్డు రాదు.

మాతృభాషలో ఎంత మాట్లాడతామన్నది చాలావరకు స్వభావాన్ని బట్టి ఉంటుంది. రెండో భాషకి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఎదుట ఎవరున్నారు, తప్పు పోతే ఏమంటారు, నాకు వచ్చన్న నమ్మకం ఎంత అన్నవి కూడా తోడవుతాయని భాషా మనస్తత్వ పరిశోధకుడు మెకింటైర్, ఆయన సహచరులు 1998లోనే వివరించారు. కలుపుగోలు మనుషులు ఒత్తిడిలో కాస్త ధారాళంగా మాట్లాడతారు, నిజమే. రాత పరీక్షల్లో మాత్రం వాళ్లకి అలాంటి పైచేయి పెద్దగా కనబడలేదు.

ఇప్పుడు మిమ్మల్నే ఒక మాట అడగాలి. చుట్టాలు కాఫీ తాగుతుంటే పిల్లని పిలిచి "ఏదీ, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడు" అనడమేమిటండీ? అక్కడ తప్పు పోతే రేపు ఊరంతా చెప్పుకుంటారని ఆమెకు తెలుసు. అలాంటప్పుడు మాట గొంతులోనే ఆగిపోతుంది. "మా అమ్మాయి మాట్లాడదండి" అని ఆమె వింటుండగా అనడం కూడా ఈ రోజు నుంచే మానేయండి.

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. స్వభావం కొన్ని వారాల్లో మారేది కాదు. స్టేజీ ఎక్కించి అందరిచేత ఒకేలా గట్టిగా మాట్లాడిస్తే నెమ్మదస్తురాలైన పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. పైగా తనలో ఏదో లోపం ఉందనుకుంటుంది. ఆలోచించి, కుదురుగా జవాబు చెప్పే మనిషి ఇంటర్వ్యూలో తీసిపోదు. స్పోకెన్ ఇంగ్లీషు ఒక్కటే అయితే తప్పు లేదు, తక్కువమంది ఉన్న బ్యాచి ఊళ్లో దొరికినా చాలు. నా ఓటు మాత్రం కాలేజీకే.

ఇంటర్వ్యూలో తన ప్రాజెక్టు గురించి ఎలాగూ అడుగుతారు. దాన్ని ముందు అమ్మమ్మకి తెలుగులో చెప్పమనండి. తర్వాత ఒక్క స్నేహితురాలికి ఇంగ్లీషులో చెప్పాలి, మధ్యలో తెలుగు దొర్లినా ఆపకూడదు. అదే ఫోనులో రికార్డు చేసుకుని తనే వినాలి. బెరుకు తగ్గాక వినేవాళ్లని ముగ్గురు, నలుగురు చేయాలి, ఆ తర్వాతే క్లాసు సెమినార్. ఆ రికార్డింగు వినిపించమని మీరు అడగకండి.